ఒప్పుకోకపోవడంలో రెండు విధాలు

ఆంగ్లంలోని ‘రిఫ్యూజ్’, ‘డినై’ అనే క్రియలను మన విద్యార్థులు ఒకదానికి బదులు మరొకటి వాడడం తరచు చూస్తున్నాము. తెలుగులో ‘ఒప్పుకోలేదు’ అన్నా, ఉర్దూలో ‘ఇన్కార్ కియా’ అన్నా రెండర్థాలూ వస్తాయి గనుక మన పిల్లలకు చిక్కు రెండింతలు.

‘అప్పునోటు మీద సంతకం విషయంలో అతడు ఒప్పుకోలేదు.’ దీనిని ‘రిఫ్యూజ్డ్ టు సైన్’ అంటే, చేయమన్నారు, చేయలేదు. నోటు మీద సంతకమే లేదు. ‘డినైడ్ సైనింగ్’ అంటే, సంతకం చేశాడని ఎదుటివారి వాదం, చేయలేదని ఇతని వాదం. న్యాయస్థానంలో అనువాదకుడు ఇవి తారుమారు చేస్తే ఒకరి ఇల్లే పోవచ్చును.

‘డినై’కి మరొక ప్రయోగమున్నది, మాకు ముఖ్యంగా తోచేది ఇదే. ప్రభుత్వం నడిపే, లేదా ప్రభుత్వ ధనసహాయం పొందే విద్యాసంస్థలో కేవలం మతం, జాతి, కులం, భాష కారణంగా ఏ పౌరునికీ ప్రవేశం లేదనరాదని చెప్పే రాజ్యాంగం 29(2)వ అధికరణం ఈ క్రియనే వాడింది. ‘రిఫ్యూజ్’ అన్నా వ్యాకరణం ఒప్పుకుంటుంది. కాని అది కాదన్నవాని ఇష్టాన్ని చూపుతుంది. ‘డినై’ కోల్పోయినవాని హక్కును చూపుతుంది. సీట్లు నిండినందున చేర్చుకోలేకపోయిన విద్యార్థికి పంపే ఉత్తరంలో ‘డినైడ్’ అని వ్రాయవద్దని కమిటీవారికి మా మనవి.