బొమ్మరిల్లు మ్యూజియంకెక్కింది

"ఆ ఫోను అవతల పెట్టరా, కళ్లు పోతాయి!" ఈ మాట వినబడని ఇల్లు ఈ రోజుల్లో ఉందంటే నేను నమ్మను. మా ఇంట్లోనూ అదే తంతు. సెలవులకు పిల్లలొచ్చారంటే భోజనానికి పిలిచి పిలిచి గొంతు పోవాల్సిందే. అలాంటి నేను పనిగట్టుకుని వెళ్లి వీడియో గేమ్‌ల ప్రదర్శన చూసొచ్చానని తెలిసి, మా తోటికోడలు నాతో వారం రోజులు సరిగా మాట్లాడలేదు.

ఆవిడ కోపంలో న్యాయముంది. ఆవిడ రెండో కొడుకు ఫోన్లో పేకాటకు అలవాటుపడ్డాడు. మొదట వందలు, తర్వాత వేలు. ఆఖరికి అప్పులవాళ్లు ఇంటికొస్తే గానీ సంగతి బయటపడలేదు. ఆవిడ నాలుగు పేటల గొలుసు, కోడలి గాజులు ఆ అప్పుకే పోయాయి. అప్పటినుంచీ మా రెండిళ్లలోనూ 'గేమ్' అన్న మాట బూతుమాటతో సమానం. ఆవిడ దృష్టిలో నేను చూసొచ్చింది జూదశాల.

మరి నేను చూసిందేమిటి? జూదమా, ఆటా, కళా? అప్పటినుంచీ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. అందుకే మీతో పంచుకుంటున్నాను.

తలుపు తీసింది ఆడవాళ్లే

2023 వసంతంలో మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్లాను. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ గురించి మీరు వినే ఉంటారు. వాన్‌గో గీసిన 'చుక్కల రాత్రి' చిత్రం ఉండేది అక్కడే. ఆ చిత్రం చూద్దామనే బయల్దేరాను. పదకొండేళ్ల మా మనవడు మాత్రం, "అమ్మమ్మా, ముందు గేమ్స్ చూద్దాం" అని చెయ్యి పట్టి లాక్కుపోయాడు.

ఆ ప్రదర్శన పేరు 'నెవర్ అలోన్'. ఎప్పుడూ ఒంటరివి కావు అని అర్థం. 2022 సెప్టెంబరు నుంచి 2023 జులై దాకా నడిచింది. కొన్ని ఆటలు తెరమీద చూడొచ్చు, కొన్ని అక్కడే ఆడొచ్చు. ఆటబొమ్మకు మన చేతి కదలిక ఎలా అందుతుంది, తయారుచేసినవాడి ఆలోచనేమిటి, ఆడేవాళ్లు దాన్ని ఏం చేసుకుంటారు అని మూడు భాగాలుగా అమర్చారు. దాన్ని తీర్చిదిద్దిన ఇద్దరిలో ఒకరు పావొలా ఆంటొనెల్లి అనే ఆవిడ.

ఆ మ్యూజియం 2012లోనే ఒకేసారి పద్నాలుగు ఆటల్ని తన సేకరణలో చేర్చుకుంది. ప్యాక్‌మ్యాన్, టెట్రిస్ ఆ జాబితాలోవే. అప్పుడు పెద్ద గొడవే జరిగింది. పికాసో ఉన్న గోడల మధ్య ప్యాక్‌మ్యానా అని విమర్శకులు మండిపడ్డారు. అంతకు రెండేళ్ల ముందే, ప్రసిద్ధ సినీ విమర్శకుడు రోజర్ ఎబర్ట్ వీడియో గేమ్‌లు ఎన్నటికీ కళ కాలేవని తేల్చేశాడు.

సినిమాకూ ఒకప్పుడు ఇదే గతి పట్టింది. సినిమా అంటే బజారు వినోదమనుకునే రోజుల్లో, 1935లో, ఈ మ్యూజియమే సినిమాల కోసం ప్రత్యేక విభాగం పెట్టింది. దానికి తొలి క్యురేటర్ ఐరిస్ బారీ అనే మహిళ. అసలు 1929లో ఆ మ్యూజియం పుట్టడానికి కారకులు కూడా ముగ్గురు స్త్రీలు: అబీ రాక్‌ఫెల్లర్, లిలీ బ్లిస్, మేరీ సలివన్. అప్పటికి జనం ఎగతాళి చేస్తున్న కొత్త చిత్రాలకు ఒక చోటుండాలని పట్టుబట్టింది వాళ్లే. ఏది కళో ఏది కాదో పెద్దమనుషులు తేల్చేలోపు, తలుపు తీసి లోపలికి రమ్మన్నది ఆడవాళ్లన్నమాట. ఆ సంగతి తెలిశాక నా కోపం సగం తగ్గింది.

ఆడవాళ్ల కోసం పుట్టిన ఆట

ఆ ఆటల కథలు కదిపితే ఒక్కొక్కటీ ఆశ్చర్యమే. 1980లో జపాన్‌లో వచ్చిన ప్యాక్‌మ్యాన్ సంగతే చూడండి. అప్పటి ఆటల దుకాణాల్లో కాల్చడాలు, పేల్చడాలు తప్ప మరోటి ఉండేది కాదు. ఆడపిల్లలు గడప తొక్కేవారు కాదు. టోరు ఇవాతాని అనే యువకుడు, వాళ్లు కూడా వచ్చి ఆడేలా ఏదైనా చేయాలనుకున్నాడు. తినడం చుట్టూ ఆట అల్లాడు. నోరు తెరుచుకుని చుక్కలు మింగే ఆ పసుపు పచ్చ బొమ్మ అలా పుట్టింది. ఆడవాళ్లనగానే తిండే గుర్తొచ్చిందా అని మీరు నవ్వుకోవచ్చు. నేనూ నవ్వుకున్నాను. కానీ మనం కూడా ఆడతామని ఒకడికి తట్టింది కదా!

2000లో వచ్చిన 'ద సిమ్స్' కూడా ఆ పద్నాలుగింటిలో ఒకటి. ఇల్లు కట్టడం, మనుషుల్ని అందులో ఉంచడం, వాళ్లకు వండిపెట్టడం, పనికి పంపడం. మరేమీ లేదు. దీన్ని చేసిన విల్ రైట్ ఇల్లు 1991లో కాలిఫోర్నియాలో చెలరేగిన మంటల్లో కాలిపోయింది. మళ్లీ ఒక్కొక్క సామానూ కొనుక్కుంటుంటే, ఇంటికి నిజంగా ఏం కావాలన్న ఆలోచనలోంచి ఈ ఆట పుట్టిందట. ఇది బొమ్మరిల్లు కదా, మగపిల్లలెవరు ఆడతారని కంపెనీలో పెదవి విరిచారు. తీరా చూస్తే ప్రపంచంలో బాగా అమ్ముడుపోయిన ఆటల్లో అదొకటైంది. కొన్నవాళ్లలో స్త్రీలు పెద్దసంఖ్యలో ఉన్నారు.

చిన్నప్పుడు మనం పెరట్లో ఇసుకతో గది కట్టి, చింతగింజలతో కూర వండితే 'పనికిమాలిన ఆటలు' అన్నారు. అదే బొమ్మరిల్లు ఇవాళ మ్యూజియంకెక్కింది. అక్కడ నిలబడి నేను మొదట అనుకున్నది ఇదే.

అలాగని ఆ లోకం ఆడవాళ్లకు పూలపాన్పేమీ కాదు. ఆ పద్నాలుగు ఆటల తయారీదారుల్లో మగవాళ్ల పేర్లే ఎక్కువ. 2007 నాటి 'పోర్టల్' ఆట బృందానికి సారథ్యం వహించిన కిమ్ స్విఫ్ట్ లాంటివాళ్లు అరుదు. 2014లో 'గేమర్‌గేట్' పేరుతో, ఆటలు తయారుచేసే స్త్రీలనూ, వాటిలో ఆడవాళ్లను చూపే తీరును ప్రశ్నించినవాళ్లనూ చంపుతామనీ చెరుస్తామనీ బెదిరించారు. కొందరు ఇళ్లొదిలి వెళ్లాల్సివచ్చింది. ఆటలో చోటడిగినందుకే ఇంత అయితే, చోటు ఎంత విలువైనదో అర్థమవుతుంది.

ఐదు నిమిషాల జీవితం

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక మావాడు కంప్యూటర్లో రెండు ఆటలు తెరిచి నన్ను కూర్చోబెట్టాడు.

మొదటిది 'పాసేజ్'. 2007లో జేసన్ రోరర్ చేశాడు. ఆ మ్యూజియం సేకరణలోనిదే. చూడ్డానికి ఏమీ ఉండదు. సన్నటి పట్టీలాంటి తెర మీద చిన్న మనిషి నడుస్తుంటాడు. దారిలో ఒక స్త్రీ ఎదురవుతుంది. కలిస్తే ఇద్దరూ కలిసి నడుస్తారు. కలిసి నడిస్తే కొన్ని ఇరుకు సందుల్లోకి పట్టరు, అక్కడి నిధులు దక్కవు. నడుస్తూ నడుస్తూ ఇద్దరి జుట్టూ నెరుస్తుంది. కాసేపటికి ఆవిడ పడిపోతుంది. అక్కడొక సమాధి రాయి. ఆ తర్వాత అతని నడక మందగిస్తుంది. ఇంకాసేపటికి అతనూ పోతాడు. మొత్తం ఐదు నిమిషాలు.

"అమ్మమ్మా, ఆమెను కలవకపోతే ఆ సందుల్లోకి కూడా వెళ్లొచ్చు తెలుసా" అన్నాడు వాడు. నేనేమీ అనలేదు. మా ఆయన పోయి అప్పటికి నాలుగేళ్లు. ముప్పైఆరేళ్లు కలిసి నడిచాం. పట్టని సందులు చాలానే ఉన్నాయి, ఇద్దరికీ. వాడు నా ముఖం చూసి, ఆట మళ్లీ మొదలుపెట్టి, ఈసారి ఆమెను కలిశాడు. అడక్కుండానే.

ఏ నవలో, ఏ సినిమానో నన్ను అలా కూర్చోబెడితే కళ అనేదాన్ని కదా? మరి ఇదెందుకు కాదు?

రెండోది, ప్రదర్శనకు పేరిచ్చిన 'నెవర్ అలోన్' ఆటే. 2014లో వచ్చింది. అలాస్కాలోని ఇనుపియాట్ అనే ఆదివాసీల కథ. ఆగకుండా వీచే మంచు తుఫాను ఎక్కడ పుడుతోందో వెతుక్కుంటూ ఒక చిన్నపిల్ల బయల్దేరుతుంది. తోడు ఒక తెల్లనక్క. ఇద్దరు కూర్చుని ఆడొచ్చు. నేను నక్క, వాడు పిల్ల. నేను దారి చూపకపోతే వాడికి అడుగు పడదు. నా చేతులేమో వణుకుతాయి. ఎన్నిసార్లు మంచులో పడ్డామో! వాడు ఒక్కసారి విసుక్కోలేదు. "అమ్మమ్మా, మళ్లీ" అన్నాడు, అంతే.

ఆ ఆట పుట్టిన తీరు మనం తెలుసుకోదగ్గది. అక్కడి ఆదివాసీ సంఘం తన పిల్లలకు తమ భాష, కథలు అందడం లేదని బెంగపడి, ఆటల కంపెనీతో కలిసి దీన్ని తయారుచేయించింది. పెద్దవాళ్లను కూర్చోబెట్టి కథలు చెప్పించారు. ఆటలో కథ వినిపించేది ఇనుపియాట్ భాషలోనే. మూలకథలో మగపిల్లాడుంటే, ఆ కథ చెప్పిన పెద్దాయన కుమార్తె అనుమతి తీసుకుని ఆడపిల్లగా మార్చారు. మంచుదేశపు బామ్మల కథ తెలుగు అమ్మమ్మనీ, అమెరికా మనవణ్నీ ఒక సోఫాలో కూర్చోబెట్టింది. నా కథలు మాత్రం వాడికింకా రావు. తప్పు ఫోనుదా, నాదా?

ఆట వేరు, జూదం వేరు

ఇక మా తోటికోడలి ప్రశ్నకొద్దాం. "ఇదంతా విని నా గొలుసు తిరిగొస్తుందా?"

రాదు. మ్యూజియంలో పెట్టినంత మాత్రాన అన్ని ఆటలూ మంచివైపోవు. ఆన్‌లైన్ పేకాట ఎన్ని ఇళ్లు కూల్చిందో మన పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. అందుకే తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో దాన్ని నిషేధిస్తూ చట్టాలు సవరించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని, నైపుణ్యమనీ అదృష్టమనీ తేడా లేకుండా కాదంది. డబ్బు పందెం లేని ఆటల్ని, పోటీ క్రీడల్ని ప్రోత్సహిస్తామంది. అంటే చట్టం కూడా ఆటకూ జూదానికీ మధ్య గీత గీసింది. ఆ గీత మన ఇళ్లలో కూడా గీసుకోవాలి.

పందెం లేకపోయినా ప్రమాదం ఉండదని కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితాలో 'గేమింగ్ డిజార్డర్'ను చేర్చింది. 2022 నుంచి ఆ జాబితా అమల్లో ఉంది. చదువు, తిండి, నిద్ర, మనుషులు అన్నీ వెనక్కిపోయి ఆట ఒక్కటే ముందుకొచ్చి, నష్టం కనిపిస్తున్నా మానలేని స్థితి నెలల తరబడి సాగితే అది జబ్బు. సెలవుల్లో రెండు గంటలు ఆడినవాడు రోగి కాడు. ఈ తేడా తెలియక మనం అందరినీ ఒకే గాట కట్టి అరుస్తున్నాం. అరుపు వినీ వినీ పిల్లలు గది తలుపు వేసుకుంటున్నారు. మా తోటికోడలి కొడుకు కూడా ఆ తలుపు వెనకే మునిగాడు. వాడేం ఆడుతున్నాడో పక్కన కూర్చుని చూసినవాళ్లం మాలో ఒక్కరూ లేం.

మన పెద్దవాళ్లు ఈ విషయంలో తెలివైనవాళ్లు. జాగారం రాత్రి వైకుంఠపాళి పటం పరిచేవారు. పాముల పేర్లు, నిచ్చెనల పేర్లు చదివిస్తూ పాపమేదో పుణ్యమేదో ఆడిస్తూనే చెప్పేవారు. ఆ జాతి పటాలు ఇవాళ మ్యూజియంలో అద్దాల వెనక ఉన్నాయి. ఆటలో అర్థం పెట్టడం మనకు కొత్త కాదు. పక్కన పెద్దవాళ్లు కూర్చోవడం మానేశాం, అదే కొత్త.

2023లో వచ్చిన 'వెంబా' అనే ఆట గురించి మా అమ్మాయి చెప్పింది. కెనడాకు వలస వెళ్లిన ఒక తమిళ తల్లి, చిరిగిపోయిన వంటల పుస్తకం చూస్తూ ఇడ్లీలు వేయడమే అందులో ఆట. దూరమవుతున్న కొడుకుని వంటతో పట్టుకోవాలని చూస్తుందా తల్లి. దానికి బ్రిటన్‌లో బాఫ్టా అవార్డు కూడా వచ్చింది. మన పులిహోర, మన గోంగూర, మన అమ్మమ్మల కథలు అలా ఎప్పుడు ఎక్కుతాయి? హైదరాబాద్‌లోనే ఇతర దేశాల ఆటలకు బొమ్మలు గీసిపెట్టే స్టూడియోలున్నాయి. మన కథలకు గీసేవాళ్లు మన ఆడపిల్లల్లోంచే రావాలని నా ఆశ. "గేమ్‌లు తయారుచేసే చదువు చదువుతా" అని మీ అమ్మాయి అంటే, వెంటనే కొట్టిపారేయకండి.

నేనిప్పుడు మా ఇంట్లో మూడు పద్ధతులు పెట్టుకున్నాను. డబ్బు అడిగే ఆట ఏదైనా సరే, వద్దు. భోజనం దగ్గరా పడక దగ్గరా తెర వద్దు. మిగతాది, ముందు నాకు ఆడి చూపించాలి. ఈ మూడోదే బాగా పనిచేస్తోంది. ఎందుకు నచ్చిందో వాళ్లు చెబుతారు, ఎక్కడ నచ్చలేదో నేను చెబుతాను. అరుపులు తగ్గాయి.

మొన్న సంక్రాంతికి మా తోటికోడలు మా ఇంటికొచ్చింది. పిల్లలతో నేను నక్కనై మంచులో పరిగెత్తుతుంటే గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత పక్కకొచ్చి కూర్చుని, మెల్లగా అడిగింది.

"అక్కా, ఇందులో డబ్బులు కట్టక్కర్లేదా?"

"అక్కర్లేదమ్మా" అన్నాను.

ఆవిడ కొడుకు గది తలుపు ఇంకా మూసే ఉంటోంది. ఈసారి వెళ్లినప్పుడు తట్టి, నువ్వేం ఆడుతున్నావో చూపించరా అని అడుగుతానంది. మీ ఇంట్లోనూ అలాంటి తలుపు ఒకటి ఉంటే, అరవడానికి ముందు ఒక్కసారి తట్టి చూడండి.