పక్షికి వెనుకనున్న నది

మెక్సికో దేశమందలి సొనోరా రాష్ట్రమున పుట్టి, ఉత్తరముఖముగా ప్రవహించి, అమెరికా సంయుక్త రాష్ట్రములలోని ఆరిజోనాను ప్రవేశించు చిన్న నది యొకటి కలదు. దాని పేరు శాన్ పెడ్రో. సుమారు 225 కిలోమీటర్లు పారి యది హీలా నదిలో కలియును. గోదావరిని చూచిన కన్నులకు అది నదివలెనే తోపదు. పెక్కుచోట్ల మోకాలిలోతు నీరైనను ఉండదు. దానికి ఇరువైపుల నున్నది ఎడారి. ముండ్లపొదలును, ఎండుగడ్డియు నిండిన ఆ నేలలో, నది వెంట మాత్రము కాటన్‌వుడ్, విల్లో వృక్షములు పచ్చని త్రాటివలె సాగిపోవుచుండును. కాటన్‌వుడ్ ఆకులు మన రావియాకులవలె ఏ కొంచెము గాలికైనను తళతళలాడును. గింజలకు దూదివంటి నూగు ఉండుటచే దానికి ఆ పేరు వచ్చినది.

వలసపక్షులకు ఆ పచ్చని త్రాడే మార్గము. వసంతకాలమున ఉత్తరమునకు పోవు పిట్టలు లెక్కకు మిక్కిలిగా ఇచట దిగి, పురుగులను తిని, సేదదీరి మరల ఎగిరిపోవును. వర్మిలియన్ ఫ్లైక్యాచర్ అను పిట్టలో మగది సింధూరము పూసినట్లుండును. దక్షిణ అమెరికాలో శీతకాలము గడపివచ్చు పసుపుముక్కు కోకిల ఈ గుబురులలోనే పిల్లలను పెంచును. మన కోకిలవలె కాక, అది సాధారణముగా తన గూటిని తానే కట్టుకొనును! పశ్చిమ ప్రాంతములలో దీని సంఖ్య క్షీణించుటచే, 2014లో అమెరికా ప్రభుత్వము అచటి కోకిలలను ముప్పునకు లోనైన ప్రాణుల పట్టికలో చేర్చినది.

1988లో ఈ తీరమును సుమారు 64 కిలోమీటర్ల మేర సంరక్షిత ప్రదేశముగా ప్రకటించిరి. దుర్భిణులు మెడలో వ్రేలాడదీసికొనినవారును, మూరెడు పొడవు కటకములుగల కెమెరాలు మోయువారును అచటికి వచ్చుచుందురు. వారిలో పలువురు ఓర్పుగలవారు. కొందరు మాత్రము గూటికి మిక్కిలి చేరువగా పోయి తల్లిపక్షిని బెదరగొట్టుదురు. మరికొందరు యంత్రముతో పక్షికూతను వినిపించి దానిని వెలికి రప్పింతురు. శత్రువెవ్వడో వచ్చినాడని భ్రమించి ఆ పక్షి వ్యర్థముగా శ్రమపడును. ఇది తప్పని చెప్పుటకు పెద్ద వాదమక్కరలేదు.

నేను వాదింపదలచినది వేరు. పక్షి ఒంటిమీది ప్రతి ఈకయు కనబడునట్లు, వెనుకనున్నదంతయు మంచులోవలె చెరిగిపోవునట్లు తీసిన చిత్రమునే నేడు ఉత్తమమని మెచ్చుకొనుచున్నారు. అందు పక్షి యున్నది. చెట్టు లేదు, చెట్టునకు ప్రాణమైన నీరు లేదు. పక్షికి రానున్న ఆపద ఆ చెరిగిపోయిన భాగముననే యున్నది.

రాయలసీమలో వేసవియందు ఏటి యిసుకలో చెలమ తీసినవారికి ఈ సంగతి సులభముగా బోధపడును. పైన ఎండిన ఏటిలో లోపల నీరుండును. వానలు లేని నెలలలో శాన్ పెడ్రోకు ప్రవాహము భూగర్భజలమునుండియే ఊరివచ్చును. కాటన్‌వుడ్ వేళ్ళు ఆ జలమట్టమునే అంటిపెట్టుకొని యుండును. మట్టము దిగినచో తలకొమ్మలు ఎండును. పిదప చెట్టే చచ్చును. సమీపముననున్న సియెర్రా విస్టా పట్టణమును, ఫోర్ట్ హువాచూకా సైనికస్థావరమును బావులపై ఆధారపడినవి. 2005 జులైలో చార్లెస్టన్ అనుచోట ప్రవాహము సున్నకు దిగెను; అచటి కొలతలలో అట్లు జరుగుట అదియే మొదటిసారి. సైనికస్థావరము తన వాడకమును చాలవరకు తగ్గించుకొనినది. పట్టణము వాడిన నీటిని శుభ్రపరచి నేలలో ఇంకించు ఏర్పాటు చేసికొనినది. ఇవి మేలైన పనులే. చాలునా యనునది నేటికిని తెగని వివాదము.

ఇచట కెమెరా చేయగల సేవ కలదు. హేస్టింగ్స్, టర్నర్ అను పరిశోధకులు ఆ ప్రాంతపు పాత ఛాయాచిత్రములను సేకరించి, అవి తీసిన చోటనే నిలిచి మరల చిత్రములు తీసి, రెంటిని పోల్చి, 1965లో ‘ది చేంజింగ్ మైల్’ అను గ్రంథమును ప్రకటించిరి. ఇట్టి పోలికలవలననే నేల మారిన తీరు తెలియుచున్నది. శాన్ పెడ్రో తీరమున నేడు అనాదియని తోచు వనము చాలవరకు ఇరువదవ శతాబ్దమున పెరిగినదే. అంతకుముందు అచట పెక్కుచోట్ల చిత్తడినేలలుండెడివి. 1890 ప్రాంతపు వరదలనుండి నదీగర్భము లోతుగా కోసికొనిపోయెను.

పక్షి యందమే జనులను నదికి రప్పించును గదా యని కొందరందురు. నిజమే. సింధూరవర్ణపు పిట్టను చూడనివాడు భూగర్భజలమునుగూర్చి వినుటకు కూర్చుండడు. కాని వంద చిత్రములు తీసికొనిపోవువాడు ఒక్కటైనను నదికి ఈయవలదా? పదియడుగులు వెనుకకు జరిగి, చెట్టును, ఒడ్డును, నీటిని చేర్చి తీసి, తేదీని, నిలిచిన చోటును వ్రాసియుంచిన చిత్రమునకు బహుమతి రాకపోవచ్చును. పక్షి మాత్రము బెదరదు.

ఋతువానలకు ముందు, జూన్ మాసమున, ఆ నది మిక్కిలి సన్నగిల్లును. అపుడు స్వచ్ఛంద సేవకులు నది వెంట నడచి, ఎచట నీరున్నదో, ఎచట లేదో గుర్తించు పని 1999లో మొదలైనది. కెమెరాలవారు వారి వెంట నడచి, ఏటేట ఒకే చోట నిలిచి ఒక్కొక్క చిత్రము తీసినచో, ఏ చెట్టు తల ఏ యేట ఎండినదో ఇరువదియేండ్ల పిదప చూచువారికి స్పష్టముగా కనబడును.