ఫోను మనది... తాళం ఎవరిది?

సోనాపూర్ క్యాంపులో ఆదివారం పొద్దున బట్టలుతికే గొడవ అయ్యాక అందరూ మంచాల మీద కూర్చుని చేసే పని ఒకటే. ఇంటికి డబ్బు పంపడం, ఇంటివాళ్లతో మాట్లాడటం. మొన్న అలాంటి ఓ ఆదివారం మేం క్యాంపుకు వెళ్తే, జగిత్యాల వైపు మేస్త్రి ఒకాయన సెల్లు పట్టుకుని మా దగ్గరకు వచ్చాడు. "సారూ, గీ సెల్లు జర చూడుండ్రి. పోయిన నెల దాక పైసలు మంచిగనే పోయినయ్. ఇప్పుడు తెర్సుకుంటనే లేదు" అన్నాడు.

తెర మీద ఇంగ్లీషులో ఒక ముక్క ఉంది. మీ ఫోన్‌లోని ఆపరేటింగ్ సిస్టమ్ పాతదైంది, ఈ యాప్ ఇక పనిచేయదు అని. సెల్లుకేమీ రోగం లేదు. గాజు పగల్లేదు. బ్యాటరీ పోయినేడే దేరాలో మార్పించాడు. సిమ్ము బాగుంది, కెమెరా బాగుంది. షాపుకు తీసుకెళ్తే "ఖల్లీవల్లీ భాయ్, కొత్తది తీసుకో" అన్నాడట. కొత్తదంటే 500 దిర్హాములు. మా సైటులో హెల్పరుకు అది సగం నెల జీతం. బాగున్న వస్తువును పారేయమంటున్నది ఎవరు? ఎందుకు? ఈ వారం మేం మాట్లాడదలచుకున్నది అదే. కొంచెం సాంకేతికం ఉంటుంది, ఓపిక పట్టండి. సైటు భాషలోనే చెప్తాం.

ఫోనైనా కంప్యూటరైనా అందులో రెండుంటాయి. ఒకటి చిప్పులు, తీగలు, తెర... చేత్తో పట్టుకోగలిగిన సరుకు. రెండోది దాన్ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్. సరుకు ప్లాటు అనుకుంటే సిస్టమ్ దాని మీద కట్టిన బిల్డింగు. కరీంనగర్‌లో గట్టి మొరం నేల మీద కట్టిన నాలుగంతస్తుల డ్రాయింగు తెచ్చి దుబాయ్‌లో కట్టమంటే మనం ఏం చేస్తాం? స్లాబులు, గోడలు, మెట్లు అవే ఉంచొచ్చు. ప్లింత్ కింద మాత్రం అంతా మారాలి. ఇక్కడ ఇసుక, కాస్త తవ్వితే ఉప్పు నీళ్లు. పైల్స్ కొట్టాలి, సల్ఫేటును తట్టుకునే సిమెంటు వాడాలి, వాటర్‌ప్రూఫింగ్ చేయాలి. ఒక రకం చిప్పు కోసం రాసిన సిస్టమ్‌ను ఇంకో రకం చిప్పు మీదికి తేవడమూ ఇంతే. దాన్నే పోర్టింగ్ అంటారు. అయితే డ్రాయింగు చేతిలో ఉండాలి కదా! లినక్స్ లాంటి ఓపెన్ సోర్స్ సిస్టమ్‌ల గొప్పతనం అక్కడే ఉంది. ఆ డ్రాయింగు ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, మార్చింది నలుగురికీ పంచొచ్చు.

లినక్స్ పుట్టిన కథ వింటే మనలాంటి వాళ్లకు కాస్త ధైర్యం వస్తుంది. 1991లో హెల్సింకి యూనివర్సిటీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తన సొంత 386 కంప్యూటర్ కోసం దాన్ని రాసుకున్నాడు. ఇది వేరే మెషీన్ల మీదికి పోయేది కాదని ఆయనే అప్పట్లో ప్రకటించాడు. నాలుగేళ్లకే, 1995లో, డెక్ కంపెనీ ఆల్ఫా చిప్పు మీద నడిచింది. ఆ పని చేస్తున్నప్పుడే మంచి ఏర్పాటు ఒకటి జరిగింది. చిప్పును బట్టి మారే భాగమంతా వేరే అరలో పెట్టి, మిగతాది అన్ని మెషీన్లకూ ఉమ్మడిగా ఉంచారు. పునాది డ్రాయింగులు ఒక ఫైలు, పై అంతస్తులవి ఇంకో ఫైలు అన్నమాట. ఆ రోజుల్లోనే ఇంగ్లండ్‌లో రస్సెల్ కింగ్ దాన్ని ఆర్మ్ చిప్పు మీదికి తెచ్చాడు. ఎకార్న్ కంపెనీ కంప్యూటర్ల కోసం చేసిన పని అది. 2008లో మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ వచ్చినప్పుడు దాని లోపల ఉన్నది ఆర్మ్ చిప్పు, దాని మీద లినక్సే. మా మేస్త్రి చేతిలోని సెల్లుదీ ఆ వంశమే.

మరి డ్రాయింగు అందరిదీ అయినప్పుడు ఈ సెల్లుకు కొత్త వెర్షన్ ఎందుకు రాదు? ఇక్కడే ఉంది తిరకాసు. బల్ల మీది పీసీల్లో ఏ పరికరం ఎక్కడుందో ఆన్ కాగానే మెషీనే సిస్టమ్‌కు చాలావరకు చెప్పేస్తుంది. అందుకే ఒకే లినక్స్ సీడీ ఏ కంపెనీ పీసీలో వేసినా దాదాపుగా నడిచేది. ఫోన్లలో ఆ పద్ధతి లేదు. ఒక్కో మోడల్‌కు ఒక్కో వైరింగు. కెమెరా ఏ తీగకు ఉంది, తెరకు కరెంటు ఎటునుంచి వస్తుంది, ఇవన్నీ రాసిన పట్టీ ఒకటి విడిగా ఇవ్వాలి. దాన్ని డివైస్ ట్రీ అంటారు. మన భాషలో యాజ్-బిల్ట్ డ్రాయింగ్. ఆర్మ్ వైపు ఒక్కో బోర్డుకు ఒక్కో రకం కోడ్ కుప్పలు పడుతుంటే 2011లో టోర్వాల్డ్స్ బహిరంగంగానే విసుక్కున్నాడు. ఆ తర్వాతే ఆర్మ్‌లో ఈ పట్టీల పద్ధతి ఊపందుకుంది.

యాజ్-బిల్ట్ లేకుండా పాత బిల్డింగులో పని చేసినవాళ్లకు తెలుసు ఆ బాధ. డ్రిల్లు పెడితే నీళ్ల పైపు తగులుతుందో, కరెంటు పైపు తగులుతుందో దేవుడికే ఎరుక. లినక్స్ లైసెన్సు ప్రకారం ఫోన్ కంపెనీలు కెర్నల్ సోర్సు ఇవ్వాలి. కానీ మోడెమ్‌ను, కెమెరాను, గ్రాఫిక్స్‌ను నడిపే ముక్కలు చాలావరకు సీలు వేసిన డబ్బాల్లా వస్తాయి. చిప్పు తయారుచేసినవాడు వాటిని కొత్త వెర్షన్‌కు సరిచేయడం మానేస్తే ఫోన్ కంపెనీ కూడా చేతులెత్తేస్తుంది. ఇది చాలదన్నట్టు బూట్‌లోడర్ అనే గేటు ఒకటి. చాలా మోడళ్లలో దాని తాళంచెవి కంపెనీ దగ్గరే ఉంటుంది. ప్లాటు మనం డబ్బు పెట్టి కొన్నదే, గేట్ పాస్ మాత్రం మనకు ఇవ్వరు.

మా క్యాంపులో ఎలక్ట్రీషియన్ హెల్పర్‌గా చేసే కుర్రాడొకడున్నాడు. చదివింది ఎలక్ట్రానిక్స్ డిప్లొమా. ఏజెంటు చెప్పిన పని ఒకటి, ఇక్కడ ఇచ్చిన పని ఒకటి. ఆ కథ మరోసారి. వాడు డ్యూటీ అయ్యాక పాత ఫోన్లు ముందేసుకుని కూర్చుంటాడు. 2016 చివర్లో సయనోజెన్‌మాడ్ మూతపడితే, దాని సోర్సు తీసుకుని స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు లినియేజ్ ఓఎస్ అనే ఆండ్రాయిడ్‌ను నిలబెట్టారు. వాడు వేసేది అదే. 2017లో మొదలైన పోస్ట్‌మార్కెట్ ఓఎస్ ఇంకో అడుగు ముందుకేసింది. ఆండ్రాయిడే తీసేసి మామూలు లినక్స్ పెట్టి, ఫోనుకు పదేళ్ల ఆయుష్షు ఇవ్వాలంటుంది.

వాడి చేతిలో మొదటి ఫోను చచ్చిపోయింది. అలా చస్తే ఇటుక అయిందంటారట. మేస్త్రి విని "ఇటుకైతే గోడలకన్న పనికొస్తది" అని నవ్వాడు. రెండోది మూడు రాత్రులు పట్టి లేచింది. తెర వచ్చింది, వైఫై వచ్చింది, తెలుగు అక్షరాలు వచ్చాయి. కెమెరా రాలేదు. డబ్బు పంపే యాప్ అయితే ఇది తాళం తీసిన ఫోనని కనిపెట్టి గుమ్మంలోనే ఆపేసింది. ఇప్పుడది గదిలో ఉమ్మడి ఫోను. పేపరు చదువుకుంటారు, పాటలు వింటారు, ఊరి నుంచి వచ్చిన పిల్లల ఫొటోలు చూసుకుంటారు.

తెలుగు అక్షరాలు వచ్చాయన్నాం కదా, అది చిన్న సంగతి కాదు. ఒకప్పుడు సెల్లులో తెలుగు పేపరు తెరిస్తే వరసగా ఖాళీ డబ్బాలు కనపడేవి, గుర్తుందా? సిస్టమ్ కొత్త చిప్పు మీద లేచినంత మాత్రాన మన ఒత్తులు, గుణింతాలు వాటంతట అవి లేచి రావు. ఎవరో ఒకరు కూర్చుని చేయాలి. కెనడాలోని విన్నిపెగ్‌లో ఉంటూ తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థవాళ్లు 2000ల దశకంలో లినక్స్‌ను తెలుగులో అందించారు. బడిపిల్లల కోసం బాల స్వేచ్ఛ కూడా చేశారు. ఆండ్రాయిడ్ మెనూల్లో తెలుగు 2014లో వచ్చిన 5.0 వెర్షన్‌తో చేరింది. ఎంత పెద్ద కంపెనీకైనా మన లిపి తేలిక కాదనడానికి 2018 ఫిబ్రవరి చాలు. ‘జ్ఞా’ అనే అక్షరం ఒక తీరులో మెసేజీగా వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ హడావుడిగా 11.2.6 వెర్షన్ విడుదల చేసి సర్దుకుంది. ఆ వారం మన క్యాంపుల్లో చవక ఫోన్లవాళ్లు ఐఫోన్ల వాళ్లను చూసి ఎంత సంబరపడ్డారో!

ఇప్పుడు రెండోవైపు వాదన కూడా వినాలి. డబ్బు వ్యవహారం ఉన్న యాప్ పాత వెర్షన్‌ను నమ్మకపోవడంలో న్యాయం ఉంది. పాతదానిలో చిల్లులు తెలిసిపోతాయి, దొంగలు అక్కడి నుంచే దూరతారు. తాళం తీసిన ఫోను ఇంకొంచెం ప్రమాదమన్నదీ నిజమే. అందుకే ఈ వ్యాసం చదివి ఎవరూ జీతం వచ్చే ఫోను మీద ప్రయోగాలు చేయొద్దు. నంబర్లు, ఫొటోలు పోతాయి, ఫోనే పోవచ్చు. ఓఎస్ మారిస్తే వాట్సాప్ కాల్ కలుస్తుందా అని అడిగేవాళ్లూ ఉన్నారు. కలవదు. అది ఫోను తాళం కాదు, ఈ దేశపు నిబంధన. అనుమతి ఉన్న యాప్‌లే వాడాలి.

కానీ చిల్లు పూడ్చే బాధ్యత ఎవరిది? కట్టిన బిల్డింగుకు లీకేజీ వస్తే కాంట్రాక్టరు గడువులోపల వచ్చి సరిచేస్తాడు. ఫోనుకు ఆ గడువు ఎంతో పెట్టె మీద వెతికినా దొరకదు. 2023లో గూగుల్ పిక్సెల్ 8కు, 2024లో శాంసంగ్ గెలాక్సీ ఎస్24కు ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని మాటిచ్చారు. బాగుంది, అవి మనం కొనే ఫోన్లేనా? యూరోపియన్ యూనియన్ మాత్రం చవకవీ ఖరీదైనవీ అని చూడలేదు. 2025 జూన్ 20 నుంచి అక్కడ మార్కెట్‌లోకి తెచ్చే స్మార్ట్‌ఫోన్లకు, ఆ మోడల్ అమ్మకం ఆపాక కూడా కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు ఇవ్వాలని రూలు పెట్టింది. అలాంటి రూలు ఇక్కడా కావాలి, ఇండియాలోనూ కావాలి. మేం ఇంకోటి కూడా అడుగుతున్నాం. కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన రోజున ఆ మోడల్ తాళంచెవి, యాజ్-బిల్ట్ కొన్నవాడికి అప్పగించాలి. హ్యాండోవర్ అంటే అదే కదా.

డబ్బు పంపే సంస్థలకూ ఒక మాట. 2009లో డబ్ల్యూపీఎస్ వచ్చినప్పటి నుంచి మన జీతం బ్యాంకులు, ఎక్స్ఛేంజీల దారినే వస్తోంది. ఫోను ఇక షోకు వస్తువు కాదు. ఫలానా వెర్షన్ ఫలానా తేదీ నుంచి ఆపేస్తున్నామని ఆర్నెల్ల ముందే తెలుగులో, హిందీలో, బెంగాలీలో చెబితే కార్మికుడు నెలకింత దాచుకుంటాడు. జీతాల రోజున చెబితే ఏం చేస్తాడు?

మన సంఘాలు ఉగాదికి, బతుకమ్మకు హాళ్లు తీసుకుంటాయి, భోజనాలు పెడతాయి. ఆ హాల్లో ఓ మూల ఒక బల్ల వేసి, మా కుర్రాడిలాంటి వాళ్లను నలుగురిని కూర్చోబెట్టలేరా? పాత ఫోను తెచ్చినవాడికి అది పనికొస్తుందో లేదో చెప్పి పంపితే చాలు. డిప్లొమాలు చేసి ఇక్కడ కేబుల్ లాగుతున్న పిల్లలు ఎందరున్నారో మాకు తెలుసు. రాత్రి పదింటికి వాళ్ల మంచాల దగ్గర వెలుగు చూస్తుంటాం.

మేస్త్రి చివరికి మా పూచీ మీద బకాలా పక్క షాపులో వాయిదాలకు కొత్త ఫోను తీసుకున్నాడు. నెలకు 100 దిర్హాములు, ఐదు నెలలు. పాతదాన్ని పారేయలేదు. కుర్రాడికిచ్చి "మెల్లగ చెయ్ బిడ్డా, ఇటుక జెయ్యకు" అన్నాడు. డిసెంబర్‌లో ఇంటికి పోయేటప్పుడు తొమ్మిదో తరగతి చదివే కూతురికి పట్టుకుపోతాడట. కెమెరా ఇంకా రాలేదు.