సభయు సత్రమును

సభ యనగానే వేదిక, వేదికపై అధ్యక్షుడు, ఎదుట శ్రోతలు మనస్సునకు తోచుదురు. భారతీయ భాషాశాఖలలో జరుగు సదస్సులు చాలవరకు ఈ చట్రమున ఇమిడినవే. ప్రారంభోపన్యాసము, కీలకోపన్యాసము, పత్రసమర్పణము, సమాపనోత్సవము, ధ్రువపత్ర ప్రదానము అను వరుస తప్పదు. పత్రసమర్పకునకు పదిహేను నిమిషములు కేటాయింతురు. కాలము మించినదను చీటి పదవ నిమిషముననే చేతికి వచ్చును. చర్చ యను శీర్షిక కార్యక్రమపత్రమున ఉండును గాని, దానికి మిగులవలసిన కాలమును భోజనము హరించును.

ఈ చట్రమును తలక్రిందులు చేసిన సమావేశపద్ధతి యొకటి గత నలుబది యేండ్లుగా పలుదేశములలో వ్యాపించినది. కంప్యూటరు వృత్తివారి వినోదమని భాషాపండితులు దానిని పట్టించుకొనినది తక్కువ. పట్టించుకొనవలసిన కారణములు మాత్రము కలవు.

హారిసన్ ఓవెన్ అను అమెరికా దేశీయుడు తాను ఎంతో శ్రమపడి నడిపిన ఒక సమ్మేళనమున పాల్గొన్నవారు అన్నింటికంటె కాఫీ విరామములనే మెచ్చుకొనిరని గ్రహించెను. సమావేశమంతయు విరామమువలెనే ఏల ఉండరాదను ఆలోచన నుండి 1985లో ‘ఓపెన్ స్పేస్’ అను పద్ధతి పుట్టినది. ఇందు ముందుగా నిర్ణయించిన కార్యక్రమము ఉండదు. వచ్చినవారు వలయాకారముగా కూర్చుందురు. చర్చింపగోరిన విషయమును కాగితముపై వ్రాసి గోడకు అతికింతురు. ఆ గోడయే కార్యక్రమపత్రము. ఒక గోష్ఠిలో తాను నేర్చుకొనునదియు, ఇచ్చునదియు లేదని తోచినవాడు లేచి మరియొక గోష్ఠికి పోవచ్చును, పోవుటయే మర్యాద. దీనికి వారు పెట్టిన పేరు ‘రెండు పాదముల న్యాయము’. కాకతాళీయ, అంధగజ న్యాయముల సరసన చేర్పదగిన మాట.

2005 ఆగస్టులో కాలిఫోర్నియా రాష్ట్రమునందలి పాలో ఆల్టోలో తొలి బార్‌క్యాంపు జరిగినది. ఆహ్వానితులకు మాత్రమే ప్రవేశము గల ఫూ క్యాంపు అను సమావేశమునకు ప్రతిగా, అందరికిని ద్వారములు తెరచి, కొలది దినములలోనే దీనిని ఏర్పాటు చేసిరి. మరుసటి యేట సెప్టెంబరులో క్రిస్ బ్రోగన్, క్రిస్టఫర్ పెన్ అనువారు బోస్టను నగరమున పాడ్‌కాస్టు కర్తల కొరకు పాడ్‌క్యాంపు నడిపిరి. అదే మాసమున చెన్నైలో బ్లాగు రచయితలు బ్లాగ్‌క్యాంపు జరుపుకొనిరి. శ్రోత తనకు వీలైనప్పుడు వినగల ధ్వనిముద్రిత ప్రసంగపరంపరకు పాడ్‌కాస్టు అను పేరు గార్డియన్ పత్రికలో తొలుత కనబడినది 2004లో. రెండేండ్ల ప్రాయము గల పదమునకు అప్పటికే ఒక సమావేశము ఏర్పడినదన్నమాట!

పాడ్‌క్యాంపు నియమములు కొలదియే. పాల్గొనువారందరును సమానులు, ఎవ్వరైనను ప్రసంగింపవచ్చును, రెండు పాదముల న్యాయము చెల్లును, అచ్చట రూపొందిన సామగ్రిని పునర్వినియోగమునకు వీలుగా క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో విడుదల చేయవలెను, జమాఖర్చులు బహిరంగముగా ఉండవలెను, పేరు చెప్పవలదను దాత పేరు మాత్రము గుప్తముగా ఉంచవచ్చును. తొలుత ప్రవేశరుసుము కూడదను నియమము ఉండెడిది; తరువాత సడలినది.

ఈ పద్ధతిని మెచ్చువారు సాధారణముగా మొదటి నియమమునే కీర్తింతురు. నిజమునకు అన్నింటిలో దుర్బలమైనది అదియే. సమానత్వమును గోడపై వ్రాసినంత మాత్రమున అది గదిలోనికి రాదు. వారాంతమున రెండు దినములు ఇల్లు విడువగలవారెవ్వరు? జంకు లేక లేచి మాటాడగలవారెవ్వరు? భారతీయ మహానగరములలోని ఇట్టి శిబిరములలో ఆంగ్లమే ప్రధాన వ్యవహారభాష యగుటచే, గోడకు కాగితము అతికించు చేయి ముందుగానే నిర్ణీతమైనది. స్వచ్ఛందసేవ యను మాటకును మరుగున ఒక లెక్క కలదు: పని యంతయు నలుగురైదుగురిపై పడును, వారు అలసినచో శిబిరము ఆగును. పెక్కు నగరములలో పాడ్‌క్యాంపులు కొన్నియేండ్లకే నిలిచిపోయినవి.

విలువైనవి చివరి రెండు నియమములు. డబ్బు ఎచ్చటనుండి వచ్చి ఎచ్చటికి పోయినదో ఎవ్వరైనను చూడవచ్చును; చెప్పినది, ముద్రించినది ఎవ్వరైనను తిరిగి వాడుకొనవచ్చును. భాషాశాఖల సదస్సులలో ఈ రెండును అరుదు. పత్రములు సంపుటముగా వెలువడుటకు యేండ్లు పట్టును. వెలువడినను అది గ్రంథాలయపు బీరువా దాటదు. 2010 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘ నిబంధనలు సదస్సులలో పత్రసమర్పణమునకు గుణాంకములను విధించిన పిమ్మట, వినుటకు వచ్చువారికంటె చదువుటకు వచ్చువారే అధికమైరి.

ఇక పేరు సంగతి. ఆంగ్లమున ఇట్టి సమావేశమును ‘అన్‌కాన్ఫరెన్స్’ అందురు. దీనిని యథాతథముగా తెనిగించి ‘అసభ’ యన్నచో వినువారికి అసభ్యమే స్ఫురించును. తెలుగున తగిన పాతమాట యొకటి కలదు: సత్రము. సామాన్య యాగమున యజమానుడు ఒక్కడు, ఋత్విజులు దక్షిణ గొనువారు. పండ్రెండు దినములకు తక్కువ గాని సోమయాగమైన సత్రమున పాల్గొనువారందరును యజమానులే, వారే ఋత్విజులు. కావున దక్షిణ లేదు, ఫలము ఉమ్మడిది. శౌనకుని ద్వాదశ వార్షిక సత్రమున, కర్మకాండ నడుమ దొరకిన విరామములలో, ఉగ్రశ్రవసుడు భారతకథ చెప్పెను. ఓవెన్ కాఫీ విరామములలో కనుగొన్నది నైమిశారణ్యమున ఉండెనని గర్వించుటకు ఇది చెప్పుట కాదు. పదము నడచిన త్రోవ ముఖ్యము. తెలుగున సత్రము క్రమముగా బాటసారికి ఉచితముగా అన్నము, నీడ ఇచ్చు చోటైనది. తమిళ కన్నడములలో చత్తిరము, ఛత్రములు ఆ త్రోవనే నడచినవి. అస్సామున సత్ర శంకరదేవుని సంప్రదాయమున వైష్ణవ సంస్థయై నృత్యనాట్యములకు ఆలవాలమైనది. ఉమ్మడి కర్తృత్వము, వచ్చినవారికి తెరచిన ద్వారము — రెండర్థములును ఒకే మాటలో ఉన్నవి.

వైదిక సత్రమును ఆదర్శమనుటకు మాత్రము వీలులేదు. అందు అధికారము బ్రాహ్మణులకే యని మీమాంసకులు నిర్ణయించిరి. సూతుడగు ఉగ్రశ్రవసుడు యజమానులలో చేరడు. బయటినుండి వచ్చి కథ చెప్పినవాడు. అయినను ఆ పండ్రెండేండ్ల సత్రమునుండి లోకమునకు మిగిలినది అతని నోటిమాటయే.

నేటి సూతులు శాఖల వెలుపల ఉన్నారు. హోసూరు ప్రాంతపు తెలుగును, బరంపురపు తెలుగును, విసురురాతి పాటలను చేతిలోని ఫోనుతో ముద్రించుటకు నేడు ఎవ్వరి అనుమతియు, ఏ నిధియు అక్కరలేదు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ఆరంభమైనది మొదలు దానిని పెంచినవారు స్వచ్ఛంద సేవకులే. వికీ కార్యకర్తల భారత సమ్మేళనము 2023 ఏప్రిలులో హైదరాబాదున జరిగినది. శ్రమకు కొరత లేదు. కొరత యంతయు శ్రమకు తోడుగా ఉండవలసిన శాస్త్రమున ఉన్నది. పాడినదెవ్వరు, ఏ యూరు, ఏ వయస్సు, ఏ సందర్భము అను వివరములు లేని పాట వినుటకు ఇంపుగా ఉండును గాని మాండలిక పరిశోధనకు అక్కరకు రాదు. ఆ వివరములను రాబట్టు నేర్పు భాషాశాఖలకు కలదు. ఊరూర తిరుగు ఓపిక యువకర్తలకు కలదు.

కావున భాషాశాఖ యేటికి రెండు దినములు తన భవనమును సత్రమునకు విడువవలెను. గది, విద్యుత్తు, మంచినీరు, ఒక ఖాళీ గోడ ఇచ్చినచో చాలును. జ్యోతిప్రజ్వలనము, పూలదండలు, ముఖ్యాతిథి వలదు. ఏ తెలుగున మాటాడుట అలవాటో ఆ తెలుగుననే మాటాడనీయవలెను; ఆంగ్లము పెట్టిన అడ్డు తొలగినచోట ప్రామాణికభాష మరియొక అడ్డు పెట్టరాదు. జమాఖర్చుల పట్టిక ద్వారమువద్దనే అతికింపవలెను.

లైసెన్సు నియమమునకు మాత్రము ఒక సవరణ అవసరము. బోస్టనులో ప్రసంగించినవాడే ప్రసంగమునకు కర్త. తన సొత్తును తాను విడుదల చేసినాడు. విసురురాతి పాటను ముద్రించినవాడు ఆ పాటకు కర్త కాడు. పాడిన అవ్వకు, అది ఎచ్చట వినబడునో, ఎవ్వరు వాడుకొందురో ఆమె భాషలో చెప్పి, ఒప్పుకొనిన పిమ్మటనే విడుదల చేయవలెను. ఒప్పుకొననిది బహిరంగము కారాదు. గ్రంథాలయమున భద్రపరచుటకైనను ఆమె అంగీకారము కావలెను. ఈ వివేకమును నేర్పుట శాఖల పని.

ధ్రువపత్రము లేనిచో ఎవ్వరును రారని శంకించువారు గలరు. కొందరు రారు, నిజమే. గుణాంకములు అవసరమైన పరిశోధకునకు మరుసటి వారము మామూలు సదస్సు ఉండనే యున్నది.