అతుకుల బొంత

పొందిక లేని యుపన్యాసమును, పొత్తు కుదరని మంత్రివర్గమును మనవారు “అతుకుల బొంత” యందురు. ఒక్క బొంతయైన కుట్టినవా రీమాట ననరు.

నల్లగొండ, పాలమూరు పల్లెలలో నలిగి మెత్తబడిన చీరెలను, ధోవతులను నాలుగైదు పొరలుగా పరచి, మీదికిని క్రిందికిని కొంచెము గట్టిచీరె నుంచి, అంచులు మడిచి, అంచునుండి నడుమకు వరుసగా చేతికుట్టు వేయుదురు. కుట్లు దగ్గఱగా నున్నగాని పొరలు నిలువవు; ఉతికినప్పుడు ఉండ కట్టును. చినిగినచోట నతుకు, అతుకుమీద మఱల కుట్టు. మా యమ్మ బొంతకు పట్టీ నారాయణపేట చీరె యంచు. పసిబిడ్డ క్రింద పరచునది బొంతయే. వలసపోవు పాలమూరు కూలీ మూటలో నుండునదియు బొంతయే.

జపానుదేశపు ఉత్తరమున అఓమోరి సీమయందు చలిచే ప్రత్తి పండదు. అచ్చటి పేదస్త్రీలు నారబట్టపై, ఓడలలో వచ్చిన పాతనూలుగుడ్డల నతికి, సాషికో యను సన్నకుట్టుతో తరతరములు బాగుచేసికొనిరి. ఆ చింపిరి వస్త్రములకు బోరో యని పేరు. చౌకబట్ట వచ్చిన వెనుక సిగ్గుపడి వానిని దాచిరి, పారవైచిరి. తనాకా చూజాబురో యనునతడు ఊరూర దిరిగి యేర్చికూర్చగా, 1983లో 786 కుట్టువస్త్రములను ప్రభుత్వము జానపదసంపదగా గుర్తించెను. 2009లో టోకియోయందు వానికొక మ్యూజియము తెరచిరి. అది 2019లో మూతపడెను. ఇప్పుడు బోరోముక్క ధనికుల గోడలపై పటమైనది. కుట్టినవారి పేర్లు మాత్రము దానిపై లేవు.

అయినను, అతుకును గౌరవించుట మనకు క్రొత్త గాదు. బౌద్ధభిక్షువుల చీవరము ముక్కలు కుట్టినదే. మగధలోని వరిమళ్ళ గట్లవలె దానిని కుట్టుమని బుద్ధుడు ఆనందునకు చూపెనని వినయపిటకము చెప్పుచున్నది. పూర్వపు నల్లగొండజిల్లాలోని ఫణిగిరికొండపై నట్టి భిక్షువుల విహారము రెండువేలయేండ్ల నాటిది. ఆ చీవరమే కేస యనుపేర జపానును చేరెను.

మొన్న మా వీథికి పాతచీరెలకు స్టీలుసామా నిచ్చువాడు వచ్చెను. మా కోడలు అమ్మ బొంతను తెచ్చి, దీనికేమిత్తువని యడిగెను. అతడు చేతితో తడవి, “బొంతలు తీసుకోమమ్మా, చీరెలుంటే చెప్పండి” యనెను. కోడలు నావైపు చూచెను. విప్పి చూడగా ఒకమూల కుట్టు విడియున్నది. సూదిదారము తెమ్మంటిని.