గోడ మీద సగం కథ

పిల్లల గ్రంథాలయంలో గోడల మీద ఏ బొమ్మలుండాలన్నది మన దగ్గర సున్నాల ఖర్చు, రంగుల ఖర్చు పద్దులో తేలిపోయే విషయం. న్యూయార్క్‌లో అది చదువుకు సంబంధించిన ప్రశ్న అయింది. రాబిన్ హుడ్ ఫౌండేషన్ అనే దాతృత్వ సంస్థ అక్కడి పేద పేటల ప్రభుత్వ బడుల్లో గ్రంథాలయాలను కొత్తగా తీర్చిదిద్దింది. పిల్లల చేతికి అందాలంటే అరలు పొట్టిగా ఉండాలి. పాత భవనాల పైకప్పులేమో బాగా ఎత్తు. నడుమ మిగిలిన ఖాళీ గోడను ఏం చేయాలని డిజైనర్ మైకేల్ బీరుట్ ఆలోచించారు. తొలి ప్రయత్నంగా ఒక బడిలో, ఆయన భార్య డొరొతీ తీసిన ఆ బడి పిల్లల ఫొటోలు గోడకెక్కాయి. తర్వాత మైరా కాల్మన్, క్రిస్టఫ్ నీమన్ వంటివారు వేర్వేరు బడుల్లో ఎవరి తీరున వాళ్లు గీశారు. నీమన్ అయితే పుస్తకం ఆకారాన్నే రకరకాల వస్తువులుగా మలిచారు.

మన పిల్లల విభాగాల్లో తరచు కనబడేవి ఎక్కాలు, పండ్ల పేర్లు, నాయకుల పటాలు, నిశ్శబ్దం పాటించమనే హెచ్చరిక. వాటిలో తప్పులేదు. కానీ అవి చెప్పాల్సిందంతా అక్కడికక్కడే చెప్పేస్తాయి, పుస్తకం తెరవాల్సిన పని మిగల్చవు. చదివించే బొమ్మ కథలో సగమే చూపాలి. ఈ సంగతి మనకు కొత్తేమీ కాదు. చేర్యాల నకాషీ పటం కథకుడు లేకపోతే సగమే. పటం విప్పుతూ ఒక్కో బొమ్మనూ చూపి కథ చెబితేనే అది పూర్తవుతుంది. చందమామలో శంకర్ గీసిన విక్రమార్కుడు కత్తి పట్టి, శవాన్ని భుజాన వేసుకుని నడుస్తాడు. ఎందుకు నడుస్తున్నాడో, బేతాళుడు ఏం అడిగాడో బొమ్మ చెప్పదు. అక్షరాలు కూడబలుక్కునే పిల్లలు కూడా ఆ కారణం కోసమే పేజీలోకి దిగేవారు.

బొమ్మ పిల్లల ఊహను కట్టేస్తుందని కొందరు పెద్దల అభ్యంతరం. అన్నీ విప్పి చెప్పే బొమ్మ విషయంలో ఆ మాట నిజమే. కానీ సగమే చెప్పే బొమ్మ ఊహను కట్టేయదు. చందమామ పాఠకుల్లో ఎందరో తర్వాత కథలు రాశారు, బొమ్మలు గీశారు. ముందు పుస్తకాలు కొనండి, రంగులు తర్వాత అనే వాదన ఇంతకంటే బలమైనది. కారుతున్న కప్పు కింద బొమ్మ గీయించడం డబ్బు తగలేయడమే. అయితే న్యూయార్క్‌లోనూ బొమ్మల్ని పుస్తకాలకు బదులుగా పెట్టలేదు. పుస్తకాలు సమకూర్చడం, గ్రంథపాలకులకు శిక్షణ ఇవ్వడం ఆ పనిలో భాగమే. ఎవరూ తాకని పుస్తకాలు అరలో ఎన్ని ఉన్నా కొన్న ఖర్చు దండగే కదా.

ఇంటి పన్నుతోపాటు మనం గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. అందులో కొంత తీసి జిల్లా గ్రంథాలయ సంస్థలు చేర్యాల చిత్రకారులకు, నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులకు ఒక్కో గోడ అప్పగించాలి. ఏ కథను ఎక్కడ ఆపాలో వాళ్లకే వదిలేయాలి. ఆ కథ ఉన్న పుస్తకాన్ని అదే గోడ కింది అరలో, ఆరేళ్ల పిల్లకు అందే ఎత్తులో, ఒకటికి పది ప్రతులు ఉంచాలి.