కాలిన కొండ పచ్చబడితే చాలదు

కడప జిల్లా పాలకొండల మీద నిప్పు పడితే ముందు అంటుకునేది బోద గడ్డి. శివరాత్రి దాటేసరికి అది ఎండి గలగలమంటుంది. గాలి తోడైతే మంట చూస్తుండగానే గుట్టెక్కేస్తుంది. ఆ మంటలో పేరీత ఆకులన్నీ మాడిపోయి నల్లటి మోడు మిగులుతుంది. అది చచ్చిందనే ఎవరైనా అనుకుంటారు. కొన్నాళ్లకు ఆ మోడు నెత్తిన లేత ఆకులు ఒక్కసారిగా గుత్తిగా విచ్చుకుంటాయి.

పేరులో ఈత ఉన్నా ఇది ఈత జాతి కాదు. పువ్వులు పూయని, రాక్షసబల్లుల కాలం నుంచి వస్తున్న సైకస్ వర్గపు మొక్క. కడప, తిరుపతి కొండలు తప్ప దీనికి ప్రపంచంలో వేరే సొంతచోటు లేదు. 1883లో డయ్యర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు దీనికి బెడ్డోమ్ అనే అటవీ అధికారి పేరు మీద సైకస్ బెడ్డోమీ అని నామకరణం చేశాడు. దీని ఆకును చేతిలోకి తీసుకుని చూడాలి. ఒక్కో రెబ్బ వెడల్పు 2 నుంచి 4 మిల్లీమీటర్లు. అంచులు కిందికి చుట్టుకుని ఉంటాయి. ఎండకు ఎదురయ్యే మేర తగ్గితే నీరు ఆవిరయ్యేదీ తగ్గుతుంది. పాత ఆకుల మొదళ్లు రాలకుండా కాండాన్ని కవచంలా కప్పుతాయి. మొలిచే మొగ్గ వాటి నడుమ భద్రంగా ఉంటుంది.

ఇక్కడ నీటి పొదుపు తప్పదు. కడప జిల్లా ఏడాది వర్షపాతమే 700 మిల్లీమీటర్ల దరిదాపు. పులివెందుల, జమ్మలమడుగు వైపు అంతకన్నా తక్కువ. ప్రొద్దుటూరు చుట్టుపక్కల బీళ్లలో పశువులు ముట్టని తంగేడు నిలిచింది. గండికోట దగ్గర పెన్నా కోసిన రాతి నెర్రెల్లో బొమ్మజెముడుది మరో పద్ధతి. ఆకు పనంతా పచ్చటి కాండమే చేస్తుంది. పగలు రంధ్రాలు మూసుకుని రాత్రి గాలి పీలుస్తుంది. మంటకు మాత్రం దాని దగ్గర మందు లేదు. గడ్డి పెరగని బండల మధ్య ఉండటమే దానికి రక్ష.

తునికి, చిట్టీత, ఎర్రచందనం నేలలోపలి బలంతో బతుకుతాయి. పైభాగం కాలినా తునికి వేళ్ల నుంచి పిలకలు వేస్తుంది. బీడీ ఆకు కోసేవాళ్లకు ఇది బాగా తెలుసు. పొరకలకు కోసే చిట్టీత భూమిలోని దుంప నుంచి మళ్లీ లేస్తుంది. ఎర్రచందనం మొదలు నరికినా చిగురిస్తుంది.

ఈ చిగుళ్లు చూసి నిప్పు మేలే చేస్తుందని మనం పొరబడుతున్నాం. ఆస్ట్రేలియాలో కొన్ని బ్యాంక్సియా మొక్కల కాయలు మంట వేడికే విచ్చుకుని విత్తనాలు రాలుస్తాయి. మన కొండల్లో చాలా మొక్కలు నిప్పును ఓర్చుకుంటాయే తప్ప కోరుకోవు. ఎప్పుడో ఒకసారి వచ్చే మంటను పెద్దచెట్టు తట్టుకోగలదు. ఏటేటా పెడితే వేరూనని పిల్లమొక్కలు మాడిపోతాయి. వానలు పడగానే కొండంతా పచ్చబడుతుంది కాబట్టి ఆ నష్టం కంటికి ఆనదు. పాత మొదళ్లే మళ్లీ మళ్లీ చిగురిస్తుంటాయి, కొత్త తరం మాత్రం రాదు. నెమ్మదిగా పెరిగే పేరీతకు ఇది ప్రాణసంకటం.

మన అడవుల్లో మంటలు చాలావరకు మనిషి చేతివే. కొత్త గడ్డి కోసం పశువుల కాపరులు పెట్టేవి కొన్ని, ఆర్పని బీడీ ముక్కల వల్ల రేగేవి కొన్ని. గడ్డి ఎండకముందే, జనవరిలోపు అటవీ శాఖ మంట పాకకుండా గడ్డి చెక్కి అగ్గి గీతలు తీసి తీరాలి. మేపు కోసం నిప్పు పెట్టాల్సిన అవసరం రాకుండా కొండ కింది పల్లెలకు పశుగ్రాసం అందించాలి. గండికోట అంచున గుడారాలు వేసుకునేవాళ్లు వేసవిలో నెగడు మానుకోవాలి. వేసినా, నీళ్లు పోసి బూడిద చల్లారాకే లేవాలి.